తెరచాప యుద్ధనౌకల ప్లాన్లు ఎవరి దగ్గర మిగిలాయి?

1812 డిసెంబరు 29న బ్రెజిల్ తీరానికి దూరంగా నడిసముద్రంలో బ్రిటిష్ ఫ్రిగేటు (వేగంగా పోయే మధ్యరకం యుద్ధనౌక) 'జావా' అమెరికా యుద్ధనౌక 'కాన్‌స్టిట్యూషన్' చేతిలో ఓడిపోయింది. మళ్లీ ప్రయాణానికి పనికిరానంతగా దెబ్బతిన్న ఆ ఓడను గెలిచినవాళ్లు తమ వెంట తీసుకుపోలేక తగలబెట్టేశారు. జావా ఇంగ్లండు నుంచి ఇండియాకు బయలుదేరిన ఓడ. బొంబాయికి వెళ్లవలసిన ఉన్నతాధికారి ఒకాయన అందులో ఉన్నాడు. బొంబాయిలో కడుతున్న ఓడల అడుగుకు తొడిగే రాగిరేకులూ అందులోనే ఉన్నాయి. వీటితోపాటు, అక్కడి నౌకాశాలలో కొత్తగా కట్టవలసిన ఒక ఫ్రిగేటు ప్లాన్లు కూడా ఉన్నాయి. ఆ కాగితాలు ఓడతోపాటే పోవడంతో లండన్‌లో నకళ్లు తీయించి మళ్లీ పంపవలసి వచ్చింది. చివరికి 1816లో అడుగు దూలం వేసి, పార్శీ ఆచారం ప్రకారం దానిలో వెండి మేకు కొట్టి, మలబారు టేకుతో వాడియా కుటుంబపు మేస్త్రి జంషెట్‌జీ బొమన్‌జీ ఆ ఓడను కట్టించాడు. 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దిగిన ఆ 'ట్రింకోమలీ' ఇప్పుడు ఇంగ్లండు ఈశాన్య తీరంలోని హార్ట్‌లీపూల్‌లో సందర్శకుల కోసం నిలిచి ఉంది.

పాత యుద్ధనౌకల అసలు ప్లాన్లు వెతికేవాళ్లకు ఈ కథలోని వివరాలన్నీ పనికివస్తాయి. ట్రింకోమలీ బొంబాయిలో కట్టిన ఓడే అయినా దాని రూపం బొంబాయిలో పుట్టలేదు. నిజానికి ఇంగ్లండులోనూ పుట్టలేదు. దానికి ఆధారం 1800లో నీళ్లలోకి దిగిన 'లీడా' అనే ఫ్రిగేటు. లీడాకు ఆధారం 1782లో బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్న 'హెబే' అనే ఫ్రెంచి ఫ్రిగేటు. దాన్ని రూపొందించినవాడు జాక్ నోయెల్ సానే. ఇంకా చిత్రం ఏమిటంటే, ఆ ప్లాన్లను మోసుకుపోతూ కాలిపోయిన జావా కూడా మొదట 'రెనొమె' పేరుతో ఫ్రాన్సులో సానే ప్లాను మీద కట్టినదే. 1811లో మడగాస్కర్ దగ్గర బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కి పేరు మార్చుకుంది. ఒక ఫ్రెంచివాడి గీతలు మరో ఫ్రెంచి ఓడలో, ఇంగ్లిషు జెండా కింద, పార్శీ మేస్త్రి కోసం ప్రయాణం చేస్తూ అమెరికన్ల మూలంగా బూడిదయ్యాయి. ఇలాంటి ఓడకు 'అసలు ప్లాను' ఏది అని అడిగితే ఒక్క కాగితాన్ని చూపించి ఇదీ అని చెప్పడం సాధ్యం కాదు.

అయినా ప్లాను ఎందుకు పుట్టిందో, ఎందుకు మిగిలిందో ఈ కథ స్పష్టంగానే చెబుతుంది. కట్టించేవాడు లండన్‌లో, కట్టేవాడు బొంబాయిలో ఉండడం వల్ల కాగితం అవసరమైంది. మేస్త్రి పక్కనే యజమాని నిలబడి ఉంటే, అడుగు దూలం పొడవు, ఓడ వెడల్పు, లోతు అనే మూడు నాలుగు అంకెలతో ఒప్పందం ముగిసిపోతుంది. మిగతాదంతా మేస్త్రి చేతిలో, కంటిలో ఉంటుంది. గీసి పంపడం, నకలు తీయడం, భద్రపరచడం అనేవి దూరం వల్లా, అపనమ్మకం వల్లా, ఒకే రకం ఓడలు అనేకం కావాలన్న ప్రభుత్వపు కోరిక వల్లా వచ్చిన పనులు. కనుక పాత ఓడ ప్లాను వెతికేవారు దాన్ని కట్టినవాడి ఇంట కాక, దానికి లెక్క చెప్పించుకున్నవాడి దగ్గర, కొన్నాడనుకుంటే కొన్నవాడి దగ్గర, పట్టుకున్నాడనుకుంటే పట్టుకున్నవాడి దగ్గర వెతకడం మేలు. ఈ మాటకు మినహాయింపులు లేకపోలేదు గాని, అవి తక్కువ.

కాగితం లేని కాలం చిన్నదేమీ కాదు. 1545లో మునిగిన 'మేరీ రోజ్'కు గాని, 1628లో మునిగిన స్వీడన్ యుద్ధనౌక 'వాసా'కు గాని ప్లాన్లు లేవు. అవి తర్వాత పోయాయని కాదు, అసలు గీయనే లేదు. వాసాను కట్టిన హెన్రిక్ హీబెర్ట్‌సన్ డచ్చి సంప్రదాయంలో నేర్చిన మేస్త్రి. ఆ పద్ధతిలో ముందు అడుగు పలకలను తాత్కాలికంగా బిగించి, ఆ తర్వాత లోపలి పక్కటెముకలను వాటికి తగినట్టు చెక్కేవారు. నిష్పత్తులు మేస్త్రికి నోటికి వచ్చు, గీత అక్కర్లేదు. ఇంగ్లండులో కాస్త భిన్నంగా, కంపాసుతో గీసిన వృత్తఖండాలను కలిపి ఓడ అడ్డకోత రూపాన్ని తయారుచేసే విద్య పదహారో శతాబ్దంలోనే కనిపిస్తుంది. మాథ్యూ బేకర్ అనే రాజోద్యోగి అయిన ఓడ మేస్త్రి గీసిన రాతప్రతి కేంబ్రిడ్జిలోని మాగ్డలీన్ కాలేజీలో, పదిహేడో శతాబ్దపు ఇంగ్లిషు నౌకాదళ అధికారి శామ్యూల్ పెపిస్ సేకరణలో ఉంది. నీటి కింద ఉండే ఓడ భాగం ఎలా సాగాలో చెప్పడానికి ఆయన ఓడ బొమ్మ మీద ఒక పెద్ద చేపను గీసి చూపించాడు. అయితే దాన్ని ఫలానా ఓడ ప్లానుగా తీసుకోవడం పొరపాటు. అది ఒక మేస్త్రి తన పద్ధతిని రాసుకున్న పుస్తకం.

మన తీరంలోనూ ఇదే సంగతి. గోదావరి పాయల దగ్గర కోరంగిలోను, నరసాపురం పక్కన ఉన్న మాదపోలెంలోను యూరపు వర్తకులు సైతం ఓడలు కట్టించుకున్న కాలం ఒకటి ఉంది. ఆ వడ్రంగుల పని కంటికొలత మీద, తరతరాలుగా వచ్చిన నిష్పత్తుల మీద సాగింది. ఆ ఓడల రూపం తెలుసుకోదలచినవారు గీతల కోసం కంటే ఈస్టిండియా కంపెనీ ఉత్తరాల్లో టన్నుల లెక్క కోసం, ధర కోసం వెతకడం ఎక్కువ ఫలితమిస్తుంది. అక్కడ కూడా మాట రాసిపెట్టినవాడు కట్టినవాడు కాదు, డబ్బు చెల్లించినవాడే.

పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి బ్రిటిష్ నౌకాదళంలో ప్లాను ఒక స్థిరమైన రూపానికి వచ్చింది. సాధారణంగా అడుగుకు పావు అంగుళం చొప్పున, అంటే 48వ వంతు కొలతలో, ఒకే పెద్ద కాగితం మీద మూడు చూపులు ఉంటాయి. ఒకటి ఓడను పక్కనుంచి చూసినది. రెండోది పై నుంచి చూసినది. ఓడ రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి కనుక ఇందులో సగం మాత్రమే గీస్తారు. మూడోది ఓడను రొట్టెలా అడ్డంగా కోసుకుంటూ పోతే కనిపించే కోతలన్నిటినీ ఒకదానిలో ఒకటి పెట్టి చూపినది. దీనిలో కుడివైపు ముందుభాగపు కోతలు, ఎడమవైపు వెనుకభాగపు కోతలు ఉంటాయి. ఈ మూడింటిలో ఏ బిందువును తీసుకున్నా మిగతా రెండింటిలో దాని చోటు సరిపోవాలి. సరిపోకపోతే గీతలో ఎక్కడో తప్పు ఉన్నట్టు. ఈ కాగితాన్ని నౌకాశాలకు పంపితే, అక్కడ విశాలమైన చెక్కనేల గల గదిలో దాన్ని ఓడ అసలు పరిమాణానికి పెంచి సుద్దతో గీసేవారు. ఆ గీతల మీద పలుచని పలకలతో అచ్చులు కోసి, అచ్చుల ప్రకారం కలపను చెక్కేవారు. కాబట్టి కట్టినవాళ్లు రోజూ చూసిన ప్లాను నేల మీది సుద్దగీతే. తర్వాతి ఓడ కోసం దాన్ని చెరిపేసేవారు. మనకు మిగిలింది ఆఫీసు కాపీ.

ఆఫీసు కాపీలో ఏమి ఉండదో తెలుసుకోకపోతే నిరాశ తప్పదు. అది ప్రధానంగా ఓడ దేహం రూపాన్ని, అంతస్తుల (డెక్కుల) ఎత్తును, ఫిరంగి కిటికీల చోటును చెబుతుంది. తెరచాప కొయ్యల పొడవు, తాళ్ల అమరిక, శిల్పాల తీరు చాలావరకు అందులో ఉండవు. కొయ్యలకు, తాళ్లకు ఓడ వెడల్పును బట్టి నియమిత పట్టికలు ఉండేవి; శిల్పం చెక్కేవాడికి విడిగా చిత్రం ఇచ్చేవారు. మరొక చిక్కు కూడా ఉంది. గీతలు చూపించేది ఎక్కువగా పక్కటెముకల బయటి అంచును, అంటే పైపలకలు కొట్టకముందటి ఓడ దేహాన్ని. పలకల మందాన్ని దానికి కలిపితేగాని పూర్తయిన ఓడ వెడల్పు రాదు. ఈ సంగతి తెలియక కొలతలు రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్నాయని వాదించుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

పట్టుకున్న ఓడల విషయం ఇంకా ఆసక్తికరమైనది. 1747లో ఫ్రెంచి 74 ఫిరంగుల ఓడ 'ఎన్వాన్సీబ్ల్' బ్రిటిష్‌వాళ్లకు చిక్కినప్పుడు, దాని వేగం, లోపలి చోటు చూసి నౌకాదళం విస్తుపోయింది. రేవుకు తెచ్చి ఆ ఓడ రూపాన్ని కొలిచి గీశారు; ఆ గీతల మీదే 'వేలియంట్', 'ట్రయంఫ్' అనే రెండు ఇంగ్లిషు ఓడలు కట్టారు. పట్టుబడిన ఓడను ఎండు రేవులోకి (డ్రై డాక్‌లోకి) ఎక్కించి, పై నుంచి తాళ్లు, గుండ్లు వేలాడదీసి, నిర్ణీత దూరాల్లో ఓడ దేహం ఎంత లోపలికి వంగిందో కొలిచి, పలకల మందం తీసేసి కాగితానికి ఎక్కించే ఈ పని బ్రిటిష్ నౌకాశాలల్లో మామూలు ఉద్యోగంగా మారింది. దేశభక్తి దృష్టితో చూస్తే ఇది దొంగతనంలా కనిపించవచ్చు గాని, చరిత్రకు మాత్రం మేలు జరిగింది. రూపకర్త గీసిన ప్లాను ఓడ ఎలా ఉండాలో చెబుతుంది. శత్రువు కొలిచి గీసిన ప్లాను ఓడ నిజంగా ఎలా ఉందో చెబుతుంది.

దీనికి అందరికీ కనబడే రుజువు ఫ్రాన్సులోని 'ఎర్మియోన్'. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి సేనాని లఫయెత్‌ను 1780లో అమెరికాకు చేర్చిన ఫ్రిగేటు ఇది. రోష్‌ఫోర్‌లో దీన్ని కట్టడానికి అప్పట్లో సుమారు 11 నెలలు పట్టింది. 1793లో అది ఫ్రాన్సు పశ్చిమ తీరంలో రాళ్లకు తగిలి మునిగింది. 1997లో అదే రోష్‌ఫోర్‌లో దాన్ని తిరిగి కట్టాలని పూనుకున్నప్పుడు ఎర్మియోన్ సొంత ప్లాన్లు దొరకలేదు. దొరికింది దాని తోబుట్టువు వంటి 'కాంకోర్డ్' ప్లాను. అది కూడా ఫ్రాన్సులో కాదు. 1783లో ఆ ఓడను పట్టుకున్న బ్రిటిష్‌వాళ్లు కొలిచి గీసి లండన్‌లో దాచిపెట్టుకున్నది. తమ ఓడను తమ రేవులో తిరిగి కట్టుకోవడానికి ఫ్రెంచివాళ్లు రెండు శతాబ్దాల కిందటి శత్రువు కాగితాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. కొత్త ఎర్మియోన్ 2015లో అట్లాంటిక్ దాటి అమెరికాకు వెళ్లివచ్చింది. పదకొండు నెలల పనికి పదిహేడేళ్లకు పైగా పట్టినందుకు కారణం ప్లాను లేకపోవడం కాదు. వందల మంది వడ్రంగులు, ఒడిదుడుకులు లేని కలప సరఫరా, యుద్ధపు తొందర అనేవి ఇప్పుడు లేకపోవడమే కారణం.

కొన్నవాడి దగ్గర ప్లాను మిగలడానికి మంచి ఉదాహరణ 'ఎండీవర్'. కెప్టెన్ కుక్ దక్షిణ సముద్రాలకు వెళ్లిన ఈ ఓడ మొదట విట్బీలో బొగ్గు రవాణా కోసం కట్టిన 'ఎర్ల్ ఆఫ్ పెంబ్రోక్'. విట్బీ మేస్త్రి ప్లాను కోసం వెతకడం వృథా. కాని 1768లో నౌకాదళం దాన్ని కొన్నప్పుడు డెట్‌ఫర్డ్ రేవులో కొలిచి గీయించింది. ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటల్‌లో 1988లో మొదలుపెట్టి కట్టిన నకలు ఓడ ఆ గీతల మీదే వచ్చింది. ప్రభుత్వం కొనకపోయి ఉంటే అది కూడా వేలాది బొగ్గు ఓడల్లాగే రూపం తెలియకుండా మాయమయ్యేది.

1804 సెప్టెంబరులో విశాఖపట్నం దగ్గర జరిగిన సముద్ర పోరాటాన్ని ఈ దృష్టితో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ఫ్రెంచి అడ్మిరల్ లినువా తన 'మరెంగో'తో, రెండు ఫ్రిగేట్లతో వచ్చి అక్కడ లంగరు వేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక 'సెంచూరియన్' మీద, దాని రక్షణలో ఉన్న రెండు వర్తక నౌకల మీద దాడి చేశాడు. మరెంగో రూపం మనకు కొత్తేమీ కాదు. అది సానే రూపొందించిన 74 ఫిరంగుల ఓడల వరసలోది; ఆ ఒక్క వరసలో వందకు పైగా ఓడలు కట్టారు. 1786 నుంచి ఫ్రాన్సు తన ఓడలను కొన్ని నిర్ణీత రకాలకు పరిమితం చేసింది కనుక ఒక్క సానే ప్లాను దొరికితే అనేక ఓడల రూపం దొరికినట్టే. పైగా మరెంగోను 1806లో బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్నారు. ఆనాడు విశాఖ తీరంలో నష్టపోయిన వర్తక నౌకల విషయంలో ఇలాంటి దారులు ఉండవు. ఆ కాలపు వర్తక నౌకలకు గీత దొరకడమే అరుదు.

ప్లాను దొరికాక వచ్చే ప్రశ్న, అది ఏ సంవత్సరపు ఓడ అని. పోర్ట్స్‌మత్‌లో ఉన్న 'విక్టరీ'ని తీసుకుంటే, సర్ థామస్ స్లేడ్ దాన్ని రూపొందించాడు. 1759లో చాథమ్‌లో అడుగు దూలం వేశారు. 1765లో నీళ్లలోకి దించారు. ప్లాన్లు ఉన్నాయి. అయితే జనం చూడదలచుకున్నది ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ చనిపోయిన 1805 నాటి విక్టరీని. ఆ మధ్యలో 1800 నుంచి 1803 వరకు చాథమ్‌లోనే ఓడకు భారీ మరమ్మతు జరిగింది. వెనుకవైపు తెరిచి ఉన్న వరండాలను మూసేశారు, ముందున్న ఆడంబరమైన శిల్పాన్ని తీసి చిన్నది పెట్టారు, మరికొన్ని మార్పులు చేశారు. స్లేడ్ గీసిన కాగితం ఎంత 'అసలు'దైనా ట్రఫాల్గర్ విక్టరీని అది చూపించదు. రంగు విషయంలోనైతే ఏ ప్లానూ చెప్పలేదు. కొన్నేళ్ల కిందట పొరలు పొరలుగా పాత రంగును పరీక్షించి, ఓడ పక్కల పసుపు రంగు అందరూ అనుకున్నదానికంటే లేతగా ఉండేదని తేల్చి, దాని ప్రకారం తిరిగి రంగు వేశారు. ప్లాన్లను నిజాయితీగా చదివేవారు మార్పులను వేరే రంగు సిరాతో గుర్తించిన చోట్లను ముందు చూస్తారు. ఒకే కాగితం మీద రెండు మూడు తరాల ఓడలు ఒకదాని మీద ఒకటి ఉండడం మామూలే.

వెతకడానికి పెద్ద గని గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా మ్యూజియం. బ్రిటిష్ యుద్ధనౌకల నిర్మాణం చూసుకుని 1832లో రద్దయిన నేవీ బోర్డు కాగితాల నుంచి వచ్చిన యుద్ధనౌకల ప్లాన్లు అక్కడికి చేరాయి. చాలాకాలంగా వాటిని వూలిచ్‌లో పాత ఫిరంగి పోతశాల భవనంలో భద్రపరిచారు. ఫ్రెంచి ప్లాన్ల కోసం విన్సెన్ లోని సైనిక చరిత్ర భాండాగారాన్ని, స్వీడన్ ఓడల కోసం స్టాక్‌హోమ్ నౌకా మ్యూజియాన్ని చూడాలి. స్వీడన్‌లో ఫ్రెడ్రిక్ హెన్రిక్ అఫ్ చాప్‌మన్ అనే రూపకర్త ఉన్నాడు. తన ప్లాన్లను 1768లో పుస్తకంగా అచ్చు వేసిన అరుదైన మనిషి. యౌవనంలో ఇంగ్లండు నౌకాశాలల్లో తిరుగుతూ గూఢచారి అనే అనుమానంతో నిర్బంధానికి కూడా గురయ్యాడు. డెన్మార్క్ జాతీయ భాండాగారాన్ని వెతికేవాళ్లు తరచుగా మరచిపోతారు. డేనిష్ ఓడ రూపకర్తలు యూరపు రేవులన్నీ తిరిగి సంపాదించిన నకళ్లు అందులో ఉన్నాయి. లండన్‌లో దొరకని ఇంగ్లిషు ఓడ గీత కోపెన్‌హాగన్‌లో దొరకవచ్చన్న మాట విచిత్రంగా అనిపించినా, కాగితం దూరం వల్ల పుట్టిందన్న సంగతి గుర్తుంటే అందులో వింత ఏమీ లేదు.

కొన్ని చిక్కులు చిన్నవిగా కనిపించి పెద్ద తప్పులు చేయిస్తాయి. నౌకాదళాలు పేర్లను తిరిగి తిరిగి వాడుకున్నాయి. 1744లో ఇంగ్లిషు ఛానల్లో మునిగిన విక్టరీ వేరు, నెల్సన్ విక్టరీ వేరు. అందుకే పేరుతోపాటు నీళ్లలోకి దించిన సంవత్సరాన్ని కూడా అడగాలి. ఓడ ఎప్పుడు ఏ రేవులోకి వచ్చింది, ఏం మరమ్మతు చేశారు అన్నది బ్రిటన్ జాతీయ భాండాగారంలోని నౌకాశాల పురోగతి పుస్తకాల్లో తేదీలతో ఉంటుంది. ప్లాను మీద తేదీ లేకపోతే వాటితో సరిచూసుకోవచ్చు. ఇంకొకటి అడుగు కొలత. ఫ్రెంచి రాజు అడుగు సుమారు 32.5 సెంటీమీటర్లు, ఇంగ్లిషు అడుగు 30.48, స్వీడిష్ అడుగు 29.7, ఆమ్‌స్టర్‌డామ్ అడుగు 28.3. ఫ్రెంచి ప్లానులోని అడుగులను ఇంగ్లిషు అడుగులుగా చదివితే ఓడ నూటికి ఆరు పైగా కుంచించుకుపోతుంది. కాగితం కూడా మూడు వందల ఏళ్లలో కుంచించుకుపోతుంది, అది కూడా పొడవులో ఒకలా, వెడల్పులో ఒకలా. అందువల్ల 48వ వంతు అన్న నమ్మకంతో స్కేలు పెట్టి కొలవకుండా, అదే కాగితం మీద గీసిన కొలబద్దను ఆధారం చేసుకోవడం తెలిసినవాళ్ల పద్ధతి.

కాగితం కావాలన్న కోరిక ఎంత దూరం తీసుకుపోతుందో అమెరికాలో బాల్టిమోర్‌లోని 'కాన్‌స్టెలేషన్' వ్యవహారం చెబుతుంది. 1797లో కట్టిన ఫ్రిగేటు ఒకటి, దాన్ని 1853లో గోస్‌పోర్ట్ నౌకాశాలలో విప్పేశాక అదే చోట అదే పేరుతో 1854లో నీళ్లలోకి దించిన స్లూప్ (ఫ్రిగేటు కంటే చిన్న తరగతి యుద్ధనౌక) ఒకటి. రెండో ఓడ చాలాకాలం మొదటి ఓడగా చలామణి అయింది. పాత ఫ్రిగేటునే పొడవు పెంచి మరమ్మతు చేశారని, కనుక ఇది 1797 నాటి ఓడేనని ఒక వర్గం వాదించింది. 1955లో బాల్టిమోర్‌కు తెచ్చాక ఆ నమ్మకంతోనే దాన్ని ఫ్రిగేటులా కనిపించేట్టు మార్చారు కూడా. ఓడ గీతల మీద గొప్ప పట్టు ఉన్న హోవార్డ్ చాపెల్ అనే చరిత్రకారుడు మాత్రం ఓడ దేహం రూపాన్ని చూసి, ఇది 1850ల నాటి జాన్ లెంథాల్ ప్లానుకు సరిపోతుందే గాని 1797 నాటి దానికి కాదని పట్టుబట్టాడు. వాదం దశాబ్దాలు సాగింది. 1991లో అమెరికా నౌకాదళ పరిశోధనాశాల ప్రచురించిన నివేదిక, పాత ఓడే అనే వాదానికి ఆధారంగా చూపిన కాగితాల్లో కొన్ని కల్పితాలని తేల్చింది. ఆ తర్వాత 1990ల చివరలో ఓడను 1854 నాటి స్లూప్ రూపానికి తిరిగి తెచ్చారు. ఇక్కడ నమ్మదగింది కాగితం కాదు, కలప వంపు. సంతకాన్ని అనుకరించవచ్చు; 170 అడుగులు దాటిన ఓడ దేహాన్ని అనుకరించడం కుదరదు.

అలాగని కాగితాన్ని తక్కువ చేయడానికీ లేదు. జావాను ఓడించిన అదే కాన్‌స్టిట్యూషన్ బోస్టన్‌లో ఇంకా తేలుతూ ఉంది. 1797లో నీళ్లలోకి దిగిన ఆ ఓడ, వయసు మీదపడిన చెక్క ఓడలన్నిటిలాగే, మధ్యభాగం పైకి లేచి రెండు కొసలు కిందికి వాలి వంగిపోయింది. 1990ల నాటికి ఆ వంపు 13 అంగుళాలకు పైగా ఉంది. దాన్ని రూపొందించిన జాషువా హంఫ్రీస్ కాగితాలను చదివితే, అంత పొడవైన ఓడ వంగకుండా లోపల ఏటవాలుగా పెద్ద దూలాలు పెట్టాలని ఆయన ముందే రాశాడని కనిపించింది. ఆ తర్వాతి మరమ్మతుల్లో ఎప్పుడో వాటిని తీసేశారు. 1992లో మొదలైన మరమ్మతులో ఆ దూలాలను తిరిగి పెట్టారు. 1997లో ఓడ శతాబ్దానికి పైగా విరామం తర్వాత తన తెరచాపలతోనే సముద్రంలోకి వెళ్లింది. ఇక్కడ ప్లాను మ్యూజియం వస్తువుగా కాకుండా, రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మేస్త్రి ఇచ్చిన ఆదేశంగానే పనిచేసింది.

ప్లానే లేని వాసా దగ్గర పని తలకిందులుగా జరిగింది. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో మొదటి ప్రయాణంలోనే, సుమారు 1,300 మీటర్లు సాగాక, చిన్న గాలికే పక్కకు ఒరిగి మునిగిపోయిన ఆ ఓడను 1961లో పైకి తీశారు. చల్లని, ఉప్పు తక్కువైన బాల్టిక్ నీళ్లలో కలపను తినే పురుగు బతకదు కనుక ఓడ దాదాపు మొత్తంగా మిగిలింది. ఆనాటి విచారణలో ఎవరిదీ తప్పని తేలలేదు. ముఖ్య మేస్త్రి హీబెర్ట్‌సన్ అప్పటికే చనిపోయాడు, చూపించడానికి కాగితం లేదు. ఓడ స్థిరత్వాన్ని లెక్కకట్టే సిద్ధాంతం కూడా అప్పటికి లేదు. అది 1746లో ఫ్రాన్సులో పియెర్ బుగే రాసిన గ్రంథంతో వచ్చింది. మూడు శతాబ్దాల తర్వాత పరిశోధకులు దూలం దూలం కొలిచి, ముందు చేత్తో, తర్వాత ఎలక్ట్రానిక్ పరికరాలతో, కట్టేటప్పుడు ఎవరూ గీయని ప్లానును గీశారు. కుడి ఎడమలు సరిసమానం కావని, ఒకవైపు కలప మరోవైపు కంటే మందంగా ఉందని ఆ కొలతల్లో బయటపడింది. శిథిలంలో వడ్రంగుల కొలబద్దలు నాలుగు దొరికాయి. వాటిలో రెండు 12 అంగుళాల స్వీడిష్ అడుగువి, రెండు 11 అంగుళాల ఆమ్‌స్టర్‌డామ్ అడుగువి.